మాన్యువల్ నేర్చుకోవడానికి రీలు కెమెరాయే కావాలా?

సంపాదకుడికి,

నమస్కారం. ఫొటోగ్రఫీ కొత్తగా నేర్చుకునేవారి కోసం మీ ఆదివారం అనుబంధంలో వేసిన వ్యాసం చాలావరకు బాగుంది. సెట్టింగులు కెమెరాకు వదలకుండా మనమే పెట్టుకునే మాన్యువల్ పద్ధతి గురించిన ఒక్క సలహా దగ్గర మాత్రం అభ్యంతరం చెప్పక తప్పదు. ‘ముందు పాత రీలు కెమెరా కొనండి, నాలుగు రీళ్లు తీసేసరికి మాన్యువల్ సెట్టింగులు వాటంతటవే వంటబడతాయి’ అన్నారు. ఈ మాట చాలామంది నోట వినబడేదే. ఫిల్మ్ మీద ప్రేమ ఉన్నవాళ్లు అంటారు కనుక ఎవరూ ఎదురు చెప్పరు. కానీ ఎక్స్‌పోజర్, అంటే ఫొటోకు ఎంత వెలుతురు అందాలో సరిచూసుకోవడం, నేర్చుకోవడం వరకే చూస్తే ఇది తలకిందుల సలహా. మామూలు కలర్ నెగటివ్ రీలు (ప్రింట్లు వేయించుకునేది) నేర్చుకునేవాడి తప్పును కప్పిపెడుతుంది. డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్ (లెన్సు చూసేదాన్నే లోపలి అద్దం ద్వారా కంటికి చూపే కెమెరా) అదే తప్పును క్షణంలో బయటపెడుతుంది. అయితే అందులోనూ తప్పులు కప్పే ఏర్పాట్లు కొన్ని ఉన్నాయి, వాటిని ముందు ఆపాలి.

కలర్ నెగటివ్‌కు ఓవర్‌ను, అంటే వెలుతురు ఎక్కువ పడటాన్ని, తట్టుకునే గుణం చాలా ఎక్కువ. రెండు స్టాపులు (ఒక్కో స్టాప్‌కు వెలుతురు రెట్టింపు) ఓవర్ అయినా నెగటివ్ చిక్కబడుతుందే తప్ప తెల్లటి భాగాల్లో వివరం పోదు. ఆ పైన ల్యాబ్‌లో స్కానర్ ప్రతి ఫ్రేమునూ విడివిడిగా చూసుకుని వెలుతురు, రంగు సర్దేస్తుంది. ఒకే దృశ్యాన్ని, అపర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్/8 దగ్గర ఉంచి, సెకనులో 1/250, 1/125, 1/60 వంతుల షట్టర్ స్పీడులతో మూడుసార్లు తీసి ఇవ్వండి. చేతికి వచ్చే మూడు ప్రింట్లూ దాదాపు ఒకేలా ఉంటాయి. కుర్రాడు మూడూ సరిగ్గానే తీశాననుకుంటాడు. అండర్ అయితే, అంటే వెలుతురు చాలకపోతే, సంగతి వేరు: నీడల్లో వివరం ఉండదు, నలుపు నలుపులా కాకుండా బూడిద రంగు బురదలా వస్తుంది, గ్రెయిన్ (ఫిల్మ్ మీది గరుకు చుక్కలు) పైకి తేలుతుంది. అప్పుడైనా తప్పు తెలుస్తుందా అంటే, అది తన సెట్టింగు వల్లా, రీలు కాలం తీరిందా, ల్యాబ్‌లో మందు నీరసించిందా అనేది ప్రింటు చూసి చెప్పడం కొత్తవాడి వల్ల కాదు.

ఇంకో చిక్కు ఉంది. నెగటివ్ మీద నేర్చుకున్నవాడికి ‘అనుమానమొస్తే ఇంకాస్త వెలుతురు ఇచ్చేయ్, నీడలకు తగ్గట్టు తీయ్’ అనేది అలవాటుగా మారుతుంది. నెగటివ్‌కు అది సరైన పద్ధతే. డిజిటల్ సెన్సర్ దీనికి పూర్తిగా ఎదురు. అక్కడ నీడల్ని తర్వాత ఎత్తుకోవచ్చు, కానీ ఒకసారి తెలుపు కాలిపోతే అందులో తిరిగి తెచ్చుకోవడానికి ఏమీ ఉండదు. మేఘాలు, తెల్లచొక్కా భుజం, నుదుటి మీది మెరుపు మొదట పోతాయి. రేపు ఎలాగూ డిజిటల్‌లోనే పనిచేయబోయేవాడికి మొదటి అలవాటే తిరగబడి పడితే ఎలా?

రీలు కెమెరా లెక్కలు రాసిపెట్టదు. 36 ఫ్రేములు అయిపోయి, రీలు కడిగించి, చేతికొచ్చేసరికి ఏ ఫ్రేము ఏ అపర్చర్‌తో తీశారో గుర్తుండదు. నోటుపుస్తకంలో ఫ్రేము నంబరు, అపర్చర్, షట్టర్ స్పీడు, మీటరు (కెమెరాలో వెలుతురు కొలిచేది) దేనిమీద పెట్టారు అన్న నాలుగూ రాసుకుంటే తప్ప రీలు నుంచి పాఠం రాదు. రాసుకునేవాళ్లు ఎంత అరుదో నేర్పేవాళ్లకు తెలుసు. డిజిటల్ ఫైలులో వీటిలో మొదటి మూడూ, ఫోకల్ లెంగ్త్‌తో (లెన్సు దృశ్యాన్ని ఎంత దగ్గరగా చూపుతుందో చెప్పే మి.మీ. అంకె) సహా, వాటంతటవే నమోదవుతాయి.

అయినా ఫిల్మ్ మీదే నేర్చుకుంటాం అనేవారు ప్రింటు చూడటం మానేసి నెగటివ్ చూడటం నేర్చుకోవాలి. కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టి, ముందు ఫ్రేముల్ని వదిలేసి అంచులు చూడండి. అక్కడి అక్షరాలు, ఫ్రేము నంబర్లు ఫ్యాక్టరీలోనే పడి ఉంటాయి; మీ కెమెరాకూ వాటికీ సంబంధం లేదు. అవి స్పష్టంగా, గట్టిగా ఉండి ఫ్రేములు మాత్రం పలచగా ఉంటే తప్పు మీది, అండర్ తీశారు. అంచు అక్షరాలు కూడా వెలిసిపోయినట్టు ఉంటే కడగడంలో లోపం. అక్షరాలు ఉండి ఫ్రేములు ఒక్కటీ పడకపోతే రీలు అసలు లోపల తిరగలేదన్నమాట. కలర్ నెగటివ్ కడిగే సీ-41 పద్ధతిలో డెవలపర్ 37.8 డిగ్రీల సెల్సియస్ దగ్గర 3 నిమిషాల 15 సెకన్లు ఉండాలి. వేడి అర డిగ్రీ అటూ ఇటూ అయినా సాంద్రత, రంగు మారతాయి. కనుక కడగడంలో లోపం అనేది ఊహకందని విషయమేమీ కాదు. స్కాన్ ఇచ్చేటప్పుడు ‘ఏ ఫ్రేముకూ కరెక్షన్ వద్దు, అన్నీ ఒకే సెట్టింగుతో చేయండి’ అని ముందే చెప్పాలి. అలా చెప్పి తెచ్చుకుంటేనే పైన చెప్పిన మూడు ఫ్రేములు మూడు రకాలుగా కనబడతాయి.

ఫిల్మే కఠినమైన గురువన్న పేరు స్లయిడ్ రీలు (కడిగాక నేరుగా తెర మీద చూసేది) వల్ల వచ్చి ఉంటుంది. స్లయిడ్ మీద అర స్టాప్ తప్పితే కంటికి కనబడుతుంది, మధ్యలో సర్దే ప్రింటరు ఉండదు, మీరు తీసిందే తెర మీద పడుతుంది. 1935లో వచ్చిన కోడాక్రోమ్ స్లయిడ్ రీలు తయారీ 2009లో ఆగింది, 2010 చివరితో దాన్ని కడిగే చివరి ల్యాబ్ కూడా రీళ్లు తీసుకోవడం ఆపేసింది. ఇప్పటికీ వేరే స్లయిడ్ రీళ్లు దొరుకుతున్నాయి గానీ, ‘రీలు కెమెరా కొనండి’ అన్న సలహా విన్న కుర్రాడు కొనేది స్లయిడ్ కాదు, కలర్ నెగటివే.

ఇక డిజిటల్ సంగతి. మోడ్ డయల్‌ను ఎమ్ (మాన్యువల్) మీదికి తిప్పగానే అంతా మన చేతిలోకి వచ్చిందనుకుంటారు. ఆటో ఐఎస్‌ఓ (ఫొటో ఎంత వెలుగ్గా రావాలో నిర్ణయించే ఐఎస్‌ఓ అంకెను కెమెరాయే మార్చుకోవడం) ఆన్‌లో ఉంటే రాలేదు. మీరు షట్టర్ వేగం రెండు స్టాపులు పెంచితే కెమెరా గుట్టుగా ఐఎస్‌ఓను రెండు స్టాపులు పెంచుకుంటుంది. ఫొటో వెలుతురు మారదు, షట్టర్ వల్ల ఏం మారిందో అర్థం కాదు. మొదట ఆపాల్సింది ఇదే. తర్వాత కెనాన్‌లో ఆటో లైటింగ్ ఆప్టిమైజర్, నికాన్‌లో యాక్టివ్ డీ-లైటింగ్ అని ఉండేవి ఆపాలి. ఇవి ల్యాబ్ స్కానర్ చేసే సర్దుబాటు లాంటిదే కెమెరా లోపల చేస్తాయి. స్క్రీన్ వెలుతురును ఆటోలో ఉంచకుండా మధ్యస్థంగా బిగించండి. చీకట్లో స్క్రీన్ మీద బ్రహ్మాండంగా కనబడిన ఫొటో పొద్దున చూస్తే అండర్ అని తేలడం మామూలే. ఫైలు రా (సెన్సర్ నమోదు చేసింది దాదాపు ఉన్నదున్నట్టు దాచేది), జేపెగ్ (కెమెరా సర్ది ఇచ్చేది) రెండూ పెట్టుకోండి. హైలైట్ హెచ్చరిక ఆన్ చేయండి, కాలిపోయిన తెలుపు నల్లగా మిణుకుమిణుకుమంటుంది.

అంకెల దగ్గర తడబాటు ఎక్కువ కనుక రెండు మాటలు. ఎఫ్ నంబరంటే లెన్సు ఫోకల్ లెంగ్త్‌ను వెలుతురు వచ్చే రంధ్రం వ్యాసంతో భాగిస్తే వచ్చేది. 50 మి.మీ. లెన్సులో ఎఫ్/2 అంటే 25 మి.మీ. రంధ్రం, ఎఫ్/4 అంటే 12.5 మి.మీ. రంధ్రం. వ్యాసం సగమైతే వైశాల్యం పావు అవుతుంది, అంటే రెండు స్టాపులు. అందుకే 1.4, 2, 2.8, 4, 5.6, 8, 11, 16 వరుసలో ఒక్కో మెట్టుకు వెలుతురు సగం తగ్గుతుంది. ఈ వరుసను నోటికి నేర్చుకోవాలి, వేరే దారి లేదు. డిజిటల్ కెమెరాలో డయల్ మూడు క్లిక్కులు తిప్పితే ఒక స్టాప్. మధ్యలో వచ్చే 3.2, 3.5, 6.3, 7.1 లాంటివి మూడో వంతు మెట్లు. షట్టర్ దగ్గర ఇంకో మోసం ఉంది. వ్యూఫైండర్‌లో (కన్ను పెట్టి చూసే కిటికీలో) 15 అని కనబడితే అది సెకనులో పదిహేనో వంతు. 15 పక్కన రెండు చిన్న గీతలుంటే పదిహేను సెకన్లు. ఆ గీతలు చూడక, కెమెరా మొరాయించిందనుకుని మధ్యలోనే స్విచ్చాఫ్ చేసేవాళ్లున్నారు.

ఒకే డయల్ ఉన్న చిన్న కెమెరా బాడీల్లో డయల్ తిప్పితే షట్టర్ మాత్రమే మారుతుంది. నికాన్‌లో ప్లస్, మైనస్ గుర్తులున్న బటన్‌ను, కెనాన్‌లో ఏవీ అని రాసున్న బటన్‌ను నొక్కిపట్టి అదే డయల్ తిప్పితే అపర్చర్ మారుతుంది. మీటరు గీతల దిక్కు కూడా గమనించాలి. పాత నికాన్ బాడీల్లో ప్లస్ ఎడమ పక్కన, కెనాన్‌లో కుడి పక్కన ఉంటుంది. ఒకరి కెమెరా మీద నేర్చుకుని ఇంకొకరిది పట్టుకున్నవాడు ఓవర్‌ను తగ్గించబోయి ఇంకా పెంచేది ఇక్కడే.

ఇప్పుడు అసలు సాధన. దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే వారాల తరబడి ఊరికే ఫొటోలు తీసినా రానిది ఒక గంటలో దీనివల్ల వస్తుంది. ఒక తెల్లకాగితం, ఒక నల్లగుడ్డ తీసుకోండి. ఆరుబయట నీడపట్టున, ఎండ నేరుగా పడనిచోట కాగితాన్ని గోడకు అంటించండి. మబ్బులు వచ్చిపోతున్న రోజు వద్దు, ట్యూబులైటు కింద అసలే వద్దు, రెండు చోట్లా వెలుతురు ఒక్క తీరున నిలవదు. లెన్సును మాన్యువల్ ఫోకస్‌లో పెట్టి, కాగితం మసకబారేలా ఉంచండి. మనకు కావలసింది వెలుతురు మాత్రమే, కాగితం నునుపుతో పనిలేదు. ఐఎస్‌ఓ 200, అపర్చర్ ఎఫ్/8. కాగితం వ్యూఫైండర్ నిండా వచ్చేలా దగ్గరికి వెళ్లండి, మీ నీడ మాత్రం దాని మీద పడకూడదు. షట్టర్ డయల్ తిప్పుతూ మీటరు ముల్లును సున్నా దగ్గరికి తెచ్చి ఒకటి తీయండి.

కాగితం తెల్లగా రాదు, బూడిద రంగులో వస్తుంది. మీటరు చెడిపోలేదు. దానికి తెలుపు, నలుపు తెలియవు. ఎదురుగా ఏమున్నా నడిమి బూడిద రంగుకు తేవడం ఒక్కటే తెలుసు. నల్లగుడ్డను అదే విధంగా సున్నా పెట్టి తీస్తే అదీ బూడిద రంగులోనే వస్తుంది. రెండింటినీ స్క్రీన్ మీద పక్కపక్కన చూసినవాడికి మీటరు గురించి ఇంకో ఉపన్యాసం అక్కర్లేదు.

మళ్లీ కాగితం దగ్గరికి రండి. ఈసారి షట్టర్‌ను ఒక్కో క్లిక్కు చొప్పున నెమ్మది చేస్తూ తీయండి. అపర్చర్‌తో కాకుండా షట్టర్‌తో చేయమనడానికి కారణం ఉంది: అపర్చర్ తెరిచేకొద్దీ చాలా లెన్సుల్లో అంచులు చీకటిపడతాయి, కొలత చెడుతుంది. మూడు క్లిక్కులకు కాగితం బూడిద నుంచి తేరుకుంటుంది, ఆరింటికి తెలుపు అనిపిస్తుంది. ఇంకా తిప్పుతూ పోతే ఒకచోట కాగితం మొత్తం మిణుకుమిణుకుమంటుంది. సున్నా నుంచి అక్కడికి ఎన్ని క్లిక్కులో లెక్కపెట్టండి. చాలా కెమెరాల్లో ఇది రెండున్నర, మూడు స్టాపుల మధ్య ఉంటుంది. ఈ హెచ్చరికా, హిస్టోగ్రామూ (ఫొటోలో వెలుగునీడలు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫు) లెక్కగట్టేది జేపెగ్ నుంచి, రా ఫైలులో ఇంకొంత చోటు మిగిలి ఉంటుంది. ఆ మిగులును వాడేసుకోకుండా దాచుకోవడం మంచిది. మీ కెమెరాకు తెలుపు ఎక్కడ కాలుతుందో తెలిపే ఆ సంఖ్యను కాగితం మీద రాసి కెమెరా సంచిలో పెట్టుకోండి. నల్లగుడ్డతో ఎదురు దిక్కున, సున్నా నుంచి కిందికి ఇదే చేస్తే, నేత పోగులు ఎన్ని స్టాపుల దగ్గర కనబడకుండా పోతాయో తెలుస్తుంది.

ఈ రెండు సంఖ్యలు తెలిశాక మాన్యువల్ అంటే ముల్లును సున్నాకు తేవడం అనే భ్రమ పోతుంది. సున్నాకు తేవడమే అయితే ఆ పని కెమెరాయే మీకంటే వేగంగా చేస్తుంది. స్పాట్ మీటరింగ్ (ఒక్క చిన్న చోటును మాత్రమే కొలిచే పద్ధతి) పెట్టి, దృశ్యంలో వివరం నిలవాల్సిన అతి తెల్లటి భాగాన్ని కొలిచి, ముల్లు ప్లస్ రెండు దగ్గర ఉండేలా సర్దుకుంటే మిగతావన్నీ వాటి స్థానాల్లో అవే పడతాయి. తెలుపు ఏదీ లేకపోతే అరచేయి ఉంది. ఎవరి చర్మం రంగు ఏదైనా అరచేయి సుమారుగా నడిమి బూడిద కంటే ఒక స్టాప్ తేటగా ఉంటుంది. తీయబోయే మనిషి మీద పడే వెలుతురులోనే చేయి పెట్టి కొలిచి ముల్లును ప్లస్ ఒకటి దగ్గర ఉంచాలి. అయితే ఒకరి చేయి ఒకరిలా ఉండదు కనుక ఒక్కసారి గ్రే కార్డుతో (నడిమి బూడిద రంగు అట్టతో) పోల్చి మీ చేతి తేడా ఎంతో చూసుకోండి.

మీటరు లేకుండా అంచనా కట్టడం కూడా రావాలి. మంచి ఎండలో ఎఫ్/16, షట్టర్ ఐఎస్‌ఓ అంకెకు దగ్గరగా, అంటే ఐఎస్‌ఓ 100 అయితే 1/125. ఎండ పలచబడి నీడల అంచులు మెత్తబడితే ఎఫ్/11. నీడ కనబడీ కనబడనట్టుంటే ఎఫ్/8. నీడే పడని మబ్బు అయితే ఎఫ్/5.6. ఇంట్లోకి వచ్చాక ఈ లెక్క పనికిరాదు. కన్ను చీకటికి అలవాటుపడి మోసం చేస్తుంది.

కెమెరాతో పాటు వచ్చే 18-55 లెన్సు మాన్యువల్ నేర్చుకునేవాడికి ఒక తలనొప్పి. దాని మీద 3.5-5.6 అని రాసి ఉంటుంది. 18 దగ్గర ఎఫ్/3.5 పెట్టి, అన్నీ సరిచూసుకుని, 55కు జూమ్ చేస్తే అపర్చర్ దానంతటదే ఎఫ్/5.6కు పడిపోతుంది. షట్టర్, ఐఎస్‌ఓ ఉన్నచోటే ఉంటాయి కనుక ఫొటో ఒక స్టాప్‌కు పైగా అండర్ అవుతుంది. నేర్చుకునేన్నాళ్లు ఆ లెన్సును ఎఫ్/5.6 కంటే తెరవకండి, ఈ గొడవ రాదు. వీలైతే 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్సు ఒకటి సంపాదించుకోండి. జూమ్ లేకపోవడం ఇక్కడ మేలే.

షట్టర్ విషయంలో రెండు రకాల బ్లర్లను వేరుగా గుర్తుపట్టాలి. ఫ్రేములో ఉన్నవన్నీ ఒకే దిక్కున జరిగినట్టు ఉంటే చేయి వణికింది. వెనక గోడ నిక్కచ్చిగా ఉండి మనిషి చేతులు మాత్రం చెదిరితే మనిషి కదిలాడు. మొదటిదానికి ఫోకల్ లెంగ్త్ లెక్క ఉంది: 50 మి.మీ.కు 1/50 కంటే నెమ్మదిగా వద్దు. చిన్న సెన్సర్ బాడీల్లో నికాన్‌కు 1.5, కెనాన్‌కు 1.6తో గుణించి 1/80 అనుకోవాలి. స్టెబిలైజేషన్ ఉన్న లెన్సు ఈ వణుకును ఆపుతుంది గానీ ఎదుటివాడి కదలికను ఆపలేదు. నడిచే మనిషికి 1/250, పరుగెత్తేవాడికి 1/500 నుంచి 1/1000 కావాలి. అంత వేగానికి వెలుతురు చాలకపోతే ఐఎస్‌ఓ పెంచేయండి, మొహమాటం వద్దు. నాయిస్‌కు (ఫొటో చుక్కలు చుక్కలుగా రావడానికి) భయపడి ఐఎస్‌ఓ 400 దగ్గరే ఉండి మూడు స్టాపులు అండర్ తీసి, తర్వాత కంప్యూటర్‌లో ఎత్తితే ఐఎస్‌ఓ 3200 కంటే బాగా రాదు, తరచు ఇంకా అధ్వానంగా వస్తుంది. నాయిస్‌కు అసలు కారణం సెన్సర్ మీద పడిన వెలుతురు తక్కువ కావడమే. నాయిస్ ఉన్న ఫొటో పనికొస్తుంది, చెదిరిన మొహం పనికిరాదు.

అసలు ఎప్పుడూ మాన్యువల్‌లోనే తీయాలన్న పంతం కూడా అక్కర్లేదు. మబ్బూ ఎండా దాగుడుమూతలాడుతున్నప్పుడు అపర్చర్ ప్రయారిటీ (అపర్చర్ మనం పెడితే షట్టర్ కెమెరా పెట్టేది) పెట్టి, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా లెక్కను ప్లస్, మైనస్‌లతో సవరించేది) మీద బొటనవేలు ఉంచుకోవడమే తెలివైన పని. మాన్యువల్ తప్పనిసరి అయ్యే చోట్లు వేరే ఉన్నాయి. నల్ల తెర ముందు దీపపు వెలుగులో నిలబడ్డ నటుణ్ని తీసేటప్పుడు మీటరు నలుపును చూసి మొహం కాల్చేస్తుంది. వెలుతురు మారనంతసేపూ ఒకసారి మొహాన్ని కొలిచి బిగించుకుంటే చాలు. అనేక ఫ్రేములు కలిపి పనోరమా చేసేటప్పుడు ఫ్రేముకో వెలుతురు ఉంటే అతుకులు కనబడతాయి. ఇక ఫ్లాష్. మామూలుగా 1/200 లేదా 1/250 దాటితే ఫ్రేములో ఒక పక్క నల్ల పట్టీ పడుతుంది. ఆ వేగం దాటాక షట్టర్ తెరలు రెండూ ఒకేసారి పూర్తిగా తెరుచుకుని ఉండవు, సన్నని చీలికలా జరుగుతాయి. ఫ్లాష్ వెలిగిన క్షణాన ఎంత తెరిచి ఉంటే అంతే వెలుగుతుంది. పాత రీలు కెమెరాల్లో గుడ్డ తెరల షట్టర్ ఉన్నవాటికి ఈ హద్దు 1/60 దగ్గరే. ఎల్‌ఈడీ, ట్యూబులైట్ల కింద అడ్డపట్టీలు పడితే తప్పు కెమెరాది కాదు. 50 హెర్ట్జ్ కరెంటు ఉన్నచోట ఆ దీపాలు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. షట్టర్‌ను 1/100 లేదా 1/50కు తెస్తే చాలావరకు పోతాయి.

ఇంత చెప్పాక ఫిల్మ్ ఎందుకూ పనికిరాదని నా అభిప్రాయం అనుకోకండి. ఎక్స్‌పోజర్ కాకుండా వేరే రెండు విషయాలు పాత ఎస్‌ఎల్‌ఆర్ నేర్పినట్టు డిజిటల్ నేర్పదు. ఒకటి చేత్తో ఫోకస్ చేయడం. పాత కెమెరాల వ్యూఫైండర్ నడుమ ఒక వృత్తం రెండుగా చీలి ఉంటుంది, ఫోకస్ కుదిరితే రెండు ముక్కల్లోని గీత కలుస్తుంది. ఆటోఫోకస్ కెమెరాల్లో దాన్ని తీసేశారు. పైగా వాటి తెరను ప్రకాశం కోసం చేయడం వల్ల ఎఫ్/1.8 లెన్సు బిగించినా కంటికి కనబడే డెప్త్ (ఫోకస్‌లో నిలిచే లోతు) సుమారు ఎఫ్/2.8 దగ్గరే ఆగిపోతుంది. కంటికి ఫోకస్‌లో ఉన్నట్టు కనబడిన కన్ను ఫొటోలో మసకగా రావడానికి ఇదొక కారణం. రెండోది లెన్సు మీద చెక్కిన దూరాల కొలత. ఎఫ్/11 గుర్తుల మధ్య ఏ దూరం నుంచి ఏ దూరం వరకు ఇమిడిందో చూసుకుని, వ్యూఫైండర్‌లో ఫోకస్ చూడకుండానే వీధిలో తీయవచ్చు. ఈ కొలత ఇప్పటి కిట్ లెన్సుల మీద లేదు. డిజిటల్‌లో ఎక్స్‌పోజర్ చేతికొచ్చాక వీటి కోసం రీలు కెమెరా కొనుక్కుంటే ఖర్చు సార్థకం.

కొనేవారు బరువూ మెరుపూ చూసి మోసపోకూడదు. వెనక తలుపు తెరిచి అంచుల్లోని నల్ల నురగపట్టీని వేలితో తాకండి. జిగటగా అంటుకుంటే అది కుళ్లిపోయింది, ఫ్రేముల మీద నారింజరంగు మంటలు పడతాయి. దాన్ని మార్చుకోవచ్చు, అదొక్కటే కారణంగా వదిలేయనక్కర్లేదు. లెన్సు తీసి, తలుపు తెరిచి ఉంచి, షట్టర్‌ను ఒక సెకను దగ్గర కొట్టండి. లోపలి గ్రీజు ఎండిపోతే తెర మధ్యలో తట్టుకుని నిలబడిపోతుంది. 1/1000 దగ్గర వెలుతురుకు ఎదురుగా చూస్తే ఫ్రేము అంతా సమంగా మెరవాలి. ఒక పక్క నల్లబడితే తెరలు సమానంగా నడవడం లేదు. మీటరును మీ డిజిటల్ కెమెరాతో ఒకే గోడ మీద, ఒకే ఐఎస్‌ఓ దగ్గర పోల్చుకోండి. 1960, 70ల నాటి చాలా కెమెరాలు 1.35 వోల్టుల మెర్క్యురీ బ్యాటరీతో నడిచేవి, అవి ఇప్పుడు రావు. వాటి చోట 1.5 వోల్టుల ఆల్కలైన్ వేస్తే కొన్నింటిలో మీటరు తప్పు చెబుతుంది. 1976 నుంచి 1997 దాకా తయారైన పెంటాక్స్ కె1000కు ఈ బాధ లేదు. దానికి బ్యాటరీ మీటరుకే, షట్టర్ పూర్తిగా యంత్రమే. కానీ మీటరుకు స్విచ్చు లేదు. లెన్సు మూత పెట్టకుండా పక్కన పెడితే బ్యాటరీ అరుగుతూనే ఉంటుంది.

రీలు ఎక్కించాక తలుపు మూసి, రివైండ్ మీటను మెల్లగా తిప్పి వదులు లాగి, తర్వాత లీవర్ కొట్టండి. లీవర్ కొట్టినప్పుడల్లా రివైండ్ మీట కూడా తిరగాలి. తిరగకపోతే రీలు పళ్లకు పట్టుకోలేదు. 36 ఫ్రేములూ గాలికి పోయేది ఈ ఒక్కటి చూడకపోవడం వల్లే. చివర్లో లీవర్ బిగుసుకుంటే బలవంతం చేయొద్దు, రీలు చిరుగుతుంది. అడుగున ఉన్న బటన్ నొక్కి వెనక్కి చుట్టేయడమే. ప్రయాణాల్లో విమానాశ్రయాల కొత్త సీటీ స్కానర్లు కడగని రీలును పాడుచేస్తాయి, చేత్తో తనిఖీ చేయమని అడగాలి.

అద్దం లేని కొత్త కెమెరాల కాలంలో డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్ ఊసెందుకని అడగవచ్చు. కెనాన్, నికాన్ రెండూ 2020లో తెచ్చిన 1డీఎక్స్ మార్క్ 3, డీ6ల తర్వాత ఎస్‌ఎల్‌ఆర్‌లలో అంతటి బాడీ మరోటి తేలేదన్నది నిజమే. కానీ మిర్రర్‌లెస్ వ్యూఫైండర్‌లో ఫొటో ఎలా రాబోతుందో ముందే కనబడుతుంది కనుక మీటరు చదవాలన్న అవసరమే కలగదు, డయల్ తిప్పుతూ కంటికి నచ్చినచోట ఆపేస్తారు. ఎస్‌ఎల్‌ఆర్ వ్యూఫైండర్‌లో కనబడేది వట్టి వెలుతురు. ముందు అంచనా కట్టి, నొక్కి, మరుక్షణం స్క్రీన్ మీద ఆ అంచనాను సరిచూసుకోవాలి. నేర్చుకునేవాడికి కావలసింది ఈ క్రమమే. చేతులు మారిన పాత డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్ ఏదైనా దీనికి చాలు, 12 మెగాపిక్సెళ్లవి కూడా.

చివరగా ఒక విన్నపం. వారం వారం మీరు వేసే పాఠకుల ఫొటోల కింద అపర్చర్, షట్టర్, ఐఎస్‌ఓ వేస్తే నేర్చుకునేవారికి ఉపయోగం. అయితే ఆ మూడు అంకెలు మాత్రమే వేస్తే ఎవరైనా వాటిని కాపీ కొట్టి వేరే వెలుతురులో తీసి భంగపడతారు. వెలుతురు ఎటు నుంచి పడింది, సమయం ఎంత, మీటరు దేనిమీద పెట్టారు, సున్నా నుంచి ఎంత జరిపారు అన్నవి కూడా ఫొటో పంపేవారిని అడిగి ఒక్క వరుసలో వేయగలరు.

ఇట్లు,
కెమెరా పాఠాలు చెప్పే ఒక పాఠకుడు